పాత కార్ల పందేనికి జనం కావాలా?

పాత బళ్ళ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, విజయనగరంలో నలభై ఏళ్ళకు పైగా కార్ల షెడ్డు నడిపిన మేస్త్రిగారి జవాబులు

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. మా తాతగారి 1962 ఫియట్ నా దగ్గర ఉంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత కార్లున్నవాళ్ళం వెతుక్కుంటే తొమ్మిది మందిమి తేలాం. ఏడాదికోసారి అందరం కలిసి బళ్ళు నడపాలని అనుకున్నాం. ఒక వ్యాపార సంస్థవాళ్ళు ఖర్చు పెట్టుకుంటామని ముందుకొచ్చారు. కాకపోతే పందెంలా ఉండాలట. మొదటి బహుమతి, స్టేజీ, డీజే, టికెట్టు అన్నీ పెట్టాలట. మాలో పెద్దవాళ్ళు మాత్రం 'ఇది మన సరదా, జనంతో మనకేం పని' అంటున్నారు. ఇంగ్లండులో గుడ్‌వుడ్ పందేల వీడియోలు చూశాక నాకైతే జనం లేకపోతే వెలితిగా ఉంటుందనిపిస్తోంది. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, జనం కావాలి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ పెద్దవాళ్ళన్నది నాకు మింగుడు పడలేదు. అయితే ఆ డబ్బు పెట్టేవాళ్ళు పోగుచేద్దామంటున్న జనం వేరు, నేను రావాలంటున్న జనం వేరు. ఆ తేడా తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

డెబ్బయ్యో దశకం చివర్లో మా గురువుగారి వెంట మెయిలెక్కి మద్రాసు వెళ్ళాను, షోలవరం పందేలు చూడటానికి. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. దాని మీదే కార్లు, మోటారు సైకిళ్ళు పరిగెత్తించేవారు. ఎండ, దుమ్ము, కాలిన ఆయిలు వాసన, ఎటు చూసినా జనం. ఆ రోజు ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే. కార్లు నిలిపే చోట ఒకాయన తన ఫియట్ బోనెట్ ఎత్తి ప్లగ్గులు విప్పుతున్నాడు. నేను తాడు దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన నా వైపు చూసి 'తంబీ, ఇంగె వా' అని పిలిచి, గుడ్డలో చుట్టి ఒక ప్లగ్గు నా చేతిలో పెట్టాడు. గుడ్డ మీంచి కూడా చురుక్కుమంది. లోపలి పింగాణీ చివర లేత గోధుమ రంగులో ఉంది. ఆ రంగుంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. సున్నంలా తెల్లబడితే పెట్రోలు చాలడం లేదన్నమాట, పిస్టన్‌కి ముప్పు. ఆయన మాట సగమే అర్థమైంది గానీ ఆ రంగు మాత్రం కళ్ళలో ఉండిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ రంగు చూసుకునే కార్బొరేటర్లు తిప్పాను.

నేనూ ఆ రోజు చూడటానికి వచ్చిన జనంలో ఒకణ్ణే కదా. ఆయన 'ఇది మా సరదా, దూరం పో' అనుంటే నేనేమయ్యేవాణ్ణో తెలీదు.

ఇప్పుడు నా షెడ్డు సంగతి చూడండి. కుర్రాళ్ళు తెలివైనవాళ్ళు, కాదనను. స్కానర్ పెట్టి రోగం చెప్పేస్తారు. కానీ మీ ఫియట్‌కి స్కానర్ పెట్టే చోటే లేదు. దానికి పాయింట్ల గ్యాపు, అంటే ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే రెండు ముక్కల మధ్య సందు, చూడాలి. పదిహేను థౌ బిళ్ళ (అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను భాగాల మందం) పెట్టి లాగితే వెన్నలో కత్తి దిగినట్టు కాస్త పట్టి వదలాలి. ఆ పట్టు చేతికే తెలుస్తుంది. కిందటి నెల రాజాం నుంచి ఒకాయన కేవలం ఆ పని కోసం ట్రైలర్ మీద కారు వేసుకుని నా దగ్గరికొచ్చాడు. నాకు అరవై ఆరేళ్ళు. నా తర్వాత ఎవరి దగ్గరికి వెళ్తాడు? మీ తొమ్మిది కార్లకూ ముందు ముందు కావలసింది స్పాన్సరు కాదు బాబూ, మేస్త్రి. ఆ మేస్త్రి మీ ఇంట్లో పుట్టడు. చూడటానికొచ్చిన గుంపులోంచే రావాలి. అందుకే జనం కావాలంటున్నాను.

ఇక డబ్బు పెట్టేవాళ్ళ మాట. వాళ్ళు పందెం అంటున్నారు చూశారా, భయం అక్కడే. నా అనుభవంలోదే ఒకటి చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. ఒక పట్టణంలో పాత కార్ల ఊరేగింపు పెట్టారు. నేను బాగుచేసిన 1936 మోడల్ మోరిస్ ఎయిట్ కూడా వెళ్ళింది. 918 సీసీ చిన్న ఇంజను, మూడే గేర్లు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైందని గంటన్నర సేపు ఎండలో, ఇంజను ఆపకుండా నిలబెట్టారు. ఆయనొచ్చాక మైకులో ఎవరో 'ఏ బండి ముందెళ్తుందో చూద్దాం' అన్నారు. కుర్రాళ్ళు ఈలలు. ఓనరుగారు నెమ్మదైన మనిషి, కానీ ఆ ఈలలకి ఆయన కాలు ఆక్సిలేటర్ మీద బిగుసుకుపోయింది. అప్పటికే కాగి నీళ్ళలా పలచబడిన ఆయిలు. కిలోమీటరు వెళ్ళకుండానే కింద నుంచి టకటకమని చప్పుడు.

మర్నాడు నా షెడ్డులో సంపు, అంటే ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టి, విప్పాను. అడుగున ఆయిల్లో చేప పొలుసుల్లా మెరుస్తూ వైట్‌మెటల్ అనే మెత్తని లోహం ముక్కలు. పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగులోది కరిగి రాలిపోయింది. ఇప్పటి కార్లకైతే డబ్బాలో కొత్త బేరింగు చిప్పలు దొరుకుతాయి. ఆ ఇంజనుకి వైట్‌మెటల్ కరిగించి రాడ్డులోనే పోత పోసి, లేత్ మీద కోసి, నీలం రంగు పూసి, క్రాంకు మీద పెట్టి తిప్పుతూ ఎక్కడ తగులుతోందో చూసుకుని చేత్తో గీకాలి. పోత పోసే మనిషిని వెతకడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. బండి మళ్ళీ రోడ్డెక్కేసరికి ఏడాది. ఆ ఏడాది ఓనరుగారు ఎప్పుడొచ్చినా బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఏమీ మాట్లాడేవారు కాదు. ఈలలు వేసిన కుర్రాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి చూడమని చూపించింది అదొక్కటే మరి.

కొత్త కార్ల పందెంలో ఇంజను పోతే ఫ్యాక్టరీ నుంచి ఇంకోటి వస్తుంది. ఇక్కడ ఫ్యాక్టరీయే లేదు. అందుకే పాత కార్ల పందేలు నడిపే దేశాల్లో కూడా ఇది బాగా తెలిసినవాళ్ళు గట్టి కట్టుబాట్లు పెట్టుకున్నారు. అమెరికాలో కొన్ని క్లబ్బుల్లో పదమూడు నెలల నియమం ఉంది. తన తప్పు వల్ల ఇంకో కారుకి తగిలించినవాణ్ణి పదమూడు నెలలు పందేల్లోకి రానివ్వరు, ఆ తర్వాత మరో పదమూడు నెలలు కనిపెట్టి ఉంటారు. గెలుపు మీద డబ్బు, కెమెరా, కంపెనీ పేరు వచ్చి కూర్చున్నాక ఈ నియమం నిలబడటం కష్టం. గెలిస్తే డబ్బొచ్చే చోట కాలు బ్రేకు మీదికి ఆలస్యంగా వెళ్తుంది.

మీరు చెప్పిన గుడ్‌వుడ్ గురించి నాకూ ఇష్టమే. ఆ ట్రాక్ 1948లో మొదలై 1966 దాకా నడిచి ఆగిపోయింది. మళ్ళీ 1998లో 'రివైవల్' పేరుతో తెరిచారు. అప్పటి కార్లే పరిగెత్తుతాయి. వచ్చే జనం కూడా ఆ కాలపు బట్టలు కట్టుకొస్తారు. ఆ మూడు రోజులూ ట్రాక్ ఆవరణలోకి కొత్త కార్లను రానివ్వరు. టికెట్లున్నాయి, అంగళ్ళున్నాయి, వ్యాపారం బాగానే జరుగుతుంది. లక్షకు పైగా జనం వస్తారు. అయితే ఆ వ్యాపారం అంతా ట్రాక్ చుట్టూ ఉంది. జనం కోసం కారుని మార్చలేదు, కారు కోసం జనమే బట్టలు మార్చుకున్నారు. నాకు నచ్చింది అదే. అక్కడ కూడా ఒక్కోసారి కార్లు గుద్దుకుంటాయి. అరవై ఏళ్ళ నాటి అల్యూమినియం రేకు నలిగిపోవడం వీడియోలో చూసినప్పుడు నా గుండె చివుక్కుమంటుంది. అంత బాగా నడిచే చోటే అలా ఉంటే, ఈల కోసం నడిపే చోట ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇటలీలో మిల్లె మిల్యా అని వెయ్యి మైళ్ళ పందెం ఉండేది. మామూలు రోడ్ల మీదే, జనం రోడ్డు అంచుల్లో నిలబడి చూసేవారు. 1957లో ఒక ఫెరారీ టైరు పేలి జనంలోకి దూసుకెళ్ళింది. డ్రైవరు, పక్కనున్నతను, చూడటానికొచ్చిన తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. ఆ పందెం అంతటితో ముగిసింది. దానికి రెండేళ్ళ ముందు, 1955లో ఫ్రాన్సులో లె మాన్స్ దగ్గర ఒక మెర్సిడెస్ ప్రేక్షకుల మీద పడితే ఎనభై మందికి పైగా పోయారు. జనాన్ని పిలిచేవాడు ఈ రెండు సంవత్సరాలూ మర్చిపోకూడదు. మిల్లె మిల్యా 1977లో మళ్ళీ మొదలైంది, వేగం పందెంగా కాదు, సమయం పందెంగా. ఫలానా చోటికి ఫలానా టైముకి చేరాలి, ముందొచ్చినా మార్కులు పోతాయి, వెనకొచ్చినా పోతాయి. ఇప్పటికీ జనం రోడ్ల మీదికొచ్చి చేతులూపుతూనే ఉన్నారు. వేగం తీసేస్తే జనం రారన్న మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది.

మీరూ అదే పెట్టండి. పైగా చట్టం కూడా అటే ఉంది. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద వేగం పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద నేరం. పెట్టినవాడికీ శిక్షే, నడిపినవాడికీ శిక్షే. సమయం పరుగుకైనా పోలీసులతో ముందే మాట్లాడి కాగితం తెచ్చుకోండి.

పెద్ద డబ్బు గురించి ఇంకొక్క మాట. ఢిల్లీ దగ్గర బుద్ధ్ ట్రాక్ మీద ఫార్ములా వన్ 2011 నుంచి మూడేళ్ళు జరిగి ఆగింది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం 2023 ఫిబ్రవరిలో ఒకసారి జరిగింది, రెండో ఏడు రద్దయింది. వాటిలో తప్పు వెతకడం నా పని కాదు. పెద్ద డబ్బు మీద నిలబెట్టింది ఆ డబ్బు ఆగిన రోజు ఆగుతుంది, అంతే. మీది చందాల మీద, టీ ఖర్చు మీద నిలబెట్టుకుంటే పదేళ్ళు నడుస్తుంది.

మన ఊళ్ళో జనం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలదు. అంతమంది వస్తున్నారని, పూజారి కూర్చున్న ఆ పొడవాటి సిరిమానుని ఎవరూ వేగంగా లాగరు. అది గుడి నుంచి కోటకీ, కోట నుంచి గుడికీ తన నడకలోనే మూడుసార్లు తిరుగుతుంది. జనమే దాని కోసం పొద్దుట్నుంచీ మేడల మీద కాచుకుంటారు. తాళ్ళు కట్టడం, దారి వదలడం, ఎవరు ఎక్కడ నిలబడాలో చూడటం మన ఊరికి కొత్త కాదు. అదే పద్ధతి మీకూ సరిపోతుంది. అలాగే వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడుగారు కార్లని గొలుసులతో కట్టించుకుని కదలకుండా ఆపేవారని మా తాత చెప్పేవాడు. కదలని కారు చూడటానికి కూడా ఈ నేల మీద జనం వచ్చారు బాబూ.

నేనైతే ఇలా చేస్తాను. డిసెంబరు గానీ జనవరి గానీ, చలి ఉన్నప్పుడు. పొద్దున్న ఏడింటికి కోట దగ్గర బయల్దేరి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్ళి రావడం. గంటకి ముప్పై కిలోమీటర్ల లెక్కన టైము కట్టండి, తొమ్మిది కార్లూ హాయిగా అందుకుంటాయి. తిరిగొచ్చాక అయోధ్య మైదానంలో మధ్యాహ్నం దాకా అన్ని బోనెట్లూ ఎత్తి ఉంచాలి. అసలు కార్యక్రమం అదే. ప్రతి బండి దగ్గరా ఓనరో, మేస్త్రో నిలబడి అడిగినవాళ్ళకి చెప్పాలి. బండికీ జనానికీ మధ్య తాడు కట్టండి, కానీ రెండడుగుల దూరంలో కట్టండి, ఇరవై అడుగుల్లో కాదు. మీ పెద్దవాళ్ళకి వేలిముద్రల భయం ఉంటే ఒక బండిని ముట్టుకోవడానికని విడిగా ఉంచండి. నా దగ్గరున్న పాత జీపు ఇస్తాను, దానికి పెయింటు పోయే బాధ లేదు.

డీజే మాత్రం వద్దు. ఇది నా పట్టుదల అనుకోండి. పాత ఇంజను నిలకడగా తిరుగుతుంటే ట్యాపెట్ల చప్పుడు వేరుగా, సైలెన్సర్ చప్పుడు వేరుగా, ఫ్యాను గాలి వేరుగా వినపడతాయి. ఆ మూడూ వినడానికే మనిషి రావాలి. పక్కన స్పీకర్లు మోగుతుంటే మనం వాళ్ళని పిలిచి ఏమీ పెట్టకుండా పంపినట్టు.

సంస్థవాళ్ళని తిప్పి పంపకండి. బోర్డు మీద, టికెట్టు వెనక వాళ్ళ పేరు వేయండి. కారు మీద స్టిక్కరు వద్దు, పాత పెయింటు దాంతో పాటే ఊడొస్తుంది. వాళ్ళ డబ్బు దేనికో ముందే కాగితం మీద రాయండి: అంబులెన్స్, ప్రతి బండికీ మంటలార్పే సిలిండరు, ఆగిపోయిన బండిని లాగడానికి ఒక వాహనం, ఆయిలు కారిన చోట చల్లడానికి రంపపు పొట్టు, జనానికి నీడ, మంచినీళ్ళు. బహుమతి ఇవ్వాలంటే సమయానికి చేరిన బండికి ఒకటి, ఆ బండిని బాగుచేసిన మేస్త్రికి ఒకటి. రెండోది తప్పకుండా పెట్టండి. ముఖ్య అతిథి ఆలస్యమైతే బండి ఇంజన్లు ఆపి చెట్ల కింద పెట్టుకోండి, ఎంత పెద్దమనిషైనా సరే. వీటికి వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దు, ఈ ఏడాదికి రంపపు పొట్టు నేను తెస్తాను.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ 1971లో కొన్నది. ఇలాంటి ర్యాలీల్లో తిప్పాలంటే పాత కారుగా రిజిస్టర్ చేయించాలంటున్నారు. చేయిస్తే పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అద్దెకి కుదరదమ్మా. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్తగా అయితే ఫీజు ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. ఇప్పటికే నంబరున్న బండికి ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. నాన్నగారి నంబరు పోతుందని బెంగ వద్దు. అయితే అలా నమోదైన బండిని ర్యాలీకి, ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ తిరుగుడు, వ్యాపారం రెండూ కూడదు. ఇంజను మార్చి డీజిల్ పెట్టించి ఉంటే ముందు ఆ సంగతి నాకు రాయండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుని. పాత కార్ల ప్రదర్శనకి పిల్లల్ని తీసుకెళ్తే ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు. వాళ్ళని ఏం చూడమనాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ఆమదాలవలస

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. బండ్ల ముందు కాదు, హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే బండి పక్కన నిలబెట్టండి. దూరంగా, ఓ పక్కగా. ఎదురుగా వద్దు.

ముందు బండి స్టార్ట్ చేసే ఆయన స్టీరింగ్ దగ్గర చిన్న మీట ఒకటి వెనక్కి జరుపుతాడు. నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడటానికి అది. తర్వాత చోక్ లాగుతాడు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రాడ్డు అటూ ఇటూ ఊపి చూస్తాడు. అప్పుడు ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకుంటాడు. అక్కడ పిల్లల్ని ఆయన బొటనవేలు చూడమనండి. మామూలుగా దేన్ని పట్టుకున్నా బొటనవేలు అటు నుంచి చుట్టి పిడికిలి బిగిస్తాం. ఆయన అలా పట్టుకోడు. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచి, హ్యాండిల్‌ని కింది నుంచి పైకి లాగుతాడు, కిందికి నొక్కడు. ఎందుకో వెంటనే చెప్పకండి. వాళ్ళనే అడగమనండి. ఇంజను ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది, అప్పుడు హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది, చుట్టి పట్టుకున్న బొటనవేలు విరుగుతుంది. ఆయన అది చెప్పాక పిల్లలందరూ తమ బొటనవేళ్ళ వైపు చూసుకుంటారు. నా షెడ్డుకి వచ్చిన ప్రతి పిల్లాడూ అదే చేశాడు.

మీ బడి పిల్లల్ని ఎప్పుడైనా ఆదివారం నా షెడ్డుకి పంపండి. పది మందికి మించకుండా, చెప్పులేసుకుని రమ్మనండి, నేల మీద ఇనుప రజను ఉంటుంది.